ఆన్సిబుల్‌ని ఏడబ్ల్యూఎస్‌కి కనెక్ట్ చేస్తే ఆథ్‌ఫెయిల్యూర్ వస్తా ఉంది, అదే కీ కమాండ్ లైన్‌లో పని చేస్తా ఉంది

పాలకేంద్రం_చిత్తూరు:

అన్నలూ కొంచెం హెల్ప్ చేయండి. మాది చిత్తూరు, పాల సేకరణ కేంద్రాలకి సాఫ్ట్‌వేర్ చేసే చిన్న ఆఫీసు. ఊర్లో రైతు పాలు పోయగానే ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే ఘనపదార్థం), లీటర్లు మిషన్ నుంచి మా సర్వర్‌కి వస్తాయి, ఆయన ఫోన్‌కి మెసేజ్ పోతుంది. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, మళ్ళా సాయంత్రం రెండు గంటలు, అంతే లోడ్. మిగతా టైమంతా సర్వర్లు ఊరికే తిరుగుతా ఉంటాయి, బిల్లు పడతానే ఉంటుంది. అందుకని ఆన్సిబుల్‌ని (చాలా సర్వర్లకి ఒకేసారి పని చెప్పే టూల్) ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ఏపీఐకి, అంటే ప్రోగ్రాములు దానితో మాట్లాడే దారికి కలిపేస్తే ఏ సర్వర్లు ఆన్‌లో ఉండాయో అదే కనుక్కుని అప్‌డేట్లు కొడుతుంది, ఎక్స్‌ట్రా సర్వర్లని టైముకి ఆన్ ఆఫ్ చేసుకోవచ్చు అని మొదలుపెట్టినాం.

సర్వర్లన్నీ ఇప్పుడు ముంబైలో ఉండాయి, కొత్తవి హైదరాబాద్‌లో పెడదామని ఇన్వెంటరీ ఫైల్లో (ఆన్సిబుల్ ఏ సర్వర్లని చూడాలో రాసే ఫైల్) రెండు రీజియన్లూ (ఏడబ్ల్యూఎస్ సర్వర్లు ఉండే ప్రాంతాలు) రాసినా. ఐఏఎంలో (ఏడబ్ల్యూఎస్‌లో యూజర్లు, పర్మిషన్లు చూసుకునే చోటు) ఒక యూజర్ చేసి యాక్సెస్ కీ, సీక్రెట్ కీ తీసి అదే ఫైల్లో పెట్టి గిట్‌లోకి (మేం ముగ్గురం కోడ్ దాచుకునే చోటు) నెట్టినా, మా వాళ్ళిద్దరికీ కూడా కావాల కదా. కమాండ్ లైన్‌లో ఆ కీతోనే సర్వర్ల లిస్టు అడిగితే చక్కగా వస్తా ఉంది. ఆన్సిబుల్‌లో ఇన్వెంటరీ గ్రాఫ్ కమాండ్ కొడితే మాత్రం ఆథ్‌ఫెయిల్యూర్, మీరిచ్చిన క్రెడెన్షియల్స్ వ్యాలిడేట్ కాలేదు అంటా ఉంది. కొత్త కీ తీసినా అదే. మా ఆఫీసులో ఒకాయన యూజర్‌కి అడ్మినిస్ట్రేటర్ యాక్సెస్ ఇచ్చేయ్, పోతుంది అంటా ఉండాడు. ఇచ్చేదా?

అలిపిరి_లినక్స్:

ఇవ్వొద్దు. ముందు ఆ సిస్టమ్‌లో టైమ్ చూడు బ్రో. ఏడబ్ల్యూఎస్‌కి పోయే ప్రతి రిక్వెస్టుకీ సిగ్నేచర్ ఉంటుంది, అందులో టైమ్ కూడా కలిసి ఉంటుంది, మన గడియారం వాళ్ళ గడియారం మధ్య ఐదు నిమిషాలకి మించి తేడా వస్తే కీ ఎంత కరెక్టైనా ఒప్పుకోరు. ఈసీ2లో (ఏడబ్ల్యూఎస్ సర్వర్ల సర్వీసు) ఆ తేడాకి కూడా చాలాసార్లు ఇదే ఆథ్‌ఫెయిల్యూర్ చూపిస్తుంది. పాత డెస్క్‌టాప్ అయితే మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయి ఉంటుంది, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైమ్ ఎక్కడికో పోతుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టి సింక్రనైజ్డ్ ఎస్ అని ఉందో లేదో చూడు, లేకపోతే క్రోనీ (టైమ్ సరిచేసే ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేసుకో.

పాలకేంద్రం_చిత్తూరు:

చూసినా అన్నా, టైమ్ కరెక్ట్‌గానే ఉంది, సింక్ ఎస్ అనే ఉంది. ఒకే సిస్టమ్, ఒకే కీ, ఒకటి పని చేసి ఇంకొకటి చేయకపోవడమే అర్థం కావడం లేదు.

క్లౌడ్_తిరుపతి:

తమ్ముడూ, నీ కమాండ్ లైన్‌లో డిఫాల్ట్ రీజియన్ ముంబై అయి ఉంటుంది, అంటే నువ్వు అక్కడ టెస్ట్ చేసింది ముంబై ఒక్కటే. అదే కమాండ్‌ని రీజియన్ ఏపీ-సౌత్-2 (అంటే హైదరాబాద్) అని ఇచ్చి కొట్టు, అక్కడా ఆథ్‌ఫెయిల్యూరే వస్తుంది చూడు. ముంబై 2016లోనే వచ్చిన రీజియన్, అది ప్రతి అకౌంటుకీ మొదటి నుంచి ఆన్‌లోనే ఉంటుంది. హైదరాబాద్ వచ్చింది 2022 నవంబర్‌లో. 2019 మార్చి 20 తర్వాత వచ్చిన రీజియన్లన్నీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటాయి, మనమే ఆన్ చేసుకోవాల. ఆన్ చేయనంతవరకూ నీ అకౌంటు, నీ యూజరు అక్కడికి చేరనే చేరవు, కాబట్టి ఆ రీజియన్‌కి నీ కీ ఎవరిదో తెలీదు. పైగా ఇన్వెంటరీ ప్లగిన్ (ఆన్సిబుల్‌లో సర్వర్ల లిస్టు తెచ్చే భాగం) ఒక రీజియన్‌లో ఇట్లా దెబ్బ తింటే ముంబై లిస్టు కూడా ఇవ్వకుండా మొత్తం ఆపేస్తుంది, అందుకే నీకు కీ మొత్తానికే పని చేయడం లేదన్నట్టు కనపడతా ఉంది.

ఏడబ్ల్యూఎస్ కన్సోల్‌లో (బ్రౌజర్‌లో తెరిచే పేజీ) అకౌంట్ పేజీకి పోయి రీజియన్ల లిస్టులో హైదరాబాద్ ఎనేబుల్ చెయ్. మామూలుగా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, కొన్ని అకౌంట్లకి గంటలు కూడా పడుతుంది, వెంటనే రాలేదని మళ్ళీ కీలు మార్చుకుంటా కూర్చోవద్దు.

ఇంక ఆ అడ్మిన్ యాక్సెస్ సంగతి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. ఆథ్‌ఫెయిల్యూర్ అంటే నువ్వెవరో నాకు తెలియదు అని. అన్‌ఆథరైజ్డ్ ఆపరేషన్ అంటే నువ్వెవరో తెలుసు గానీ ఈ పని చేసే పర్మిషన్ నీకు లేదు అని. నీకొచ్చింది మొదటిది, దానికి ఎంత పర్మిషన్ ఇచ్చినా ఎర్రర్ పోదు, ఇచ్చిన పర్మిషన్ మాత్రం అట్లే ఉండిపోతుంది. తర్వాత రీజియన్ ఆన్ అయి పని మొదలైతే అడ్మిన్ ఇచ్చినందుకే పని చేసింది అనుకుంటారు, ఇంక దాన్ని తీసే ధైర్యం ఎవరికీ ఉండదు. నీ పనికి కావాల్సింది డిస్క్రైబ్ ఇన్‌స్టాన్సెస్, స్టార్ట్ ఇన్‌స్టాన్సెస్, స్టాప్ ఇన్‌స్టాన్సెస్ (సర్వర్ల లిస్టు చూడటం, ఆన్ చేయడం, ఆపడం), ఇంతే. డిస్క్రైబ్‌ని ఒక్కో సర్వర్‌కి కట్టేయడం కుదరదు, దానికి స్టార్ (అన్నిటికీ అని గుర్తు) పెట్టాల్సిందే, కానీ స్టార్ట్ స్టాప్‌లకి ట్యాగ్ (సర్వర్‌కి తగిలించే చీటీ లాంటిది) కండిషన్ పెట్టొచ్చు. ఎక్స్‌ట్రా సర్వర్లకి ఒక ట్యాగ్ తగిలించి, ఆ ట్యాగ్ ఉన్నవాటినే ఆపగలిగేటట్టు రాయి. రేపు ప్లేబుక్‌లో (ఆన్సిబుల్‌కి రాసిచ్చే పనుల లిస్టు) ఏదన్నా పొరపాటు జరిగినా డేటాబేస్ సర్వర్ మీద చెయ్యి పడదు. రైతు పోసిన పాల లెక్క అది, డబ్బులు దాన్ని బట్టే కదా పడేది.

కీ గిట్‌లో ఉందన్నావు, అది ఈ రోజే తీసెయ్. ఫైల్లోంచి చెరిపితే చాలదు, పాత కమిట్లలో (గిట్ దాచుకున్న పాత కాపీల్లో) అట్లే ఉంటుంది, అందుకని కీనే చంపేయాల. ఒక ఐఏఎం యూజర్‌కి రెండు కీలు ఉండొచ్చు, కాబట్టి పని ఆగకుండా రెండోది తీసి, మార్చి, పాతది డియాక్టివేట్ చేసి, లాస్ట్ యూజ్డ్ (చివరిసారి వాడిన టైమ్) ఇంక కదలడం లేదని చూసుకుని డిలీట్ చెయ్. అంతకంటే మంచిది, ఆన్సిబుల్‌ని ఆఫీసు సిస్టమ్‌లోంచి తీసి ముంబైలో ఒక చిన్న సర్వర్‌లో పెట్టు, దానికి ఐఏఎం రోల్ (కీ లేకుండా సర్వర్‌కే ఇచ్చే పర్మిషన్లు) తగిలించు. అప్పుడు కీ అనేదే ఎక్కడా రాయక్కర్లేదు, టెంపరరీ క్రెడెన్షియల్స్ వాటంతట అవే మారతా ఉంటాయి, మీ ఆఫీసులో కరెంటు పోయినా తెల్లవారుజామున సర్వర్లు లేస్తాయి.

పాలకేంద్రం_చిత్తూరు:

అన్నా సూపర్, మీరు చెప్పినట్టే ముంబై ఒక్కటే రాస్తే వెంటనే లిస్టు వచ్చేసింది. హైదరాబాద్ ఎనేబుల్ పెట్టినా, కాసేపటికి అది కూడా వచ్చింది. పాత కీ డియాక్టివేట్ చేసేసినా, రోల్ పద్ధతికే పోతాం. సర్వర్ ఆపి లేపినప్పుడల్లా ఐపీ (నెట్‌లో సర్వర్ అడ్రస్) మారతా ఉంది, దాని సంగతేంది?

అలిపిరి_లినక్స్:

మారుతుంది, ఎలాస్టిక్ ఐపీ (మారకుండా మనకే ఉండే పబ్లిక్ ఐపీ) లేకపోతే స్టాప్ చేసి స్టార్ట్ చేస్తే కొత్త పబ్లిక్ ఐపీనే. దాని కోసం ఎలాస్టిక్ ఐపీ కొనద్దు, 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 ఏదైనా గంటకి 0.005 డాలర్లు, సర్వర్ ఆగిపోయినా ఎలాస్టిక్‌కి మీటర్ తిరుగుతానే ఉంటుంది. ఎట్లాగూ ఆన్సిబుల్ ముంబైలోకే వస్తా ఉంది కాబట్టి అదే వీపీసీలో (ఏడబ్ల్యూఎస్‌లో మన సొంత నెట్‌వర్క్) ఉన్నవాటిని ప్రైవేట్ ఐపీతో పట్టుకో, అది స్టాప్ చేసినా మారదు. హోస్ట్ పేరుకి నేమ్ ట్యాగ్ పెట్టుకో, చదవడానికి బాగుంటుంది. ఆపిన సర్వర్‌కి డిస్క్ చార్జీ మాత్రం పడుతుంది, అది లెక్కలో వేసుకో.

ఇంకొకటి, ఆ చిన్న సర్వర్‌లో క్రాన్ (టైముకి పనులు నడిపే షెడ్యూల్) పెట్టేటప్పుడు టైమ్‌జోన్ చూసుకో, మామూలుగా యూటీసీలో (మన టైముకంటే ఐదున్నర గంటలు వెనక) ఉంటుంది. మన తెల్లవారుజాము నాలుగున్నరకి లేవాలంటే అక్కడ ముందు రోజు రాత్రి 23:00 అని రాయాల. వారానికి ఒక రోజు వదిలేసే షెడ్యూల్ ఉంటే అక్కడ రోజు కూడా ఒకటి వెనక్కి జరుగుతుంది.