న్యాయమూర్తి రోజ్ బర్డ్ తొలినాళ్ల గురించి ఎక్కడ చదవవచ్చు?

కాలిఫోర్నియా న్యాయచరిత్ర తెలిసినవారు దయచేసి సాయం చేయండి. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి రోజ్ బర్డ్ గురించి వ్యాసం రాస్తున్నాను. 1977లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఆమెను నియమించారు. తన ముందుకు వచ్చిన ప్రతి మరణశిక్ష కేసులోనూ శిక్ష రద్దుకే ఆమె మొగ్గారు. 1986లో ఓటర్లు ఆమెను, మరో ఇద్దరు న్యాయమూర్తులను పదవి నుంచి దించేశారు. జడ్జిని ప్రజలు ఓటుతో ఇంటికి పంపడం మన దగ్గర ఊహకైనా అందదు కదా!

ఈ కథ చాలాచోట్ల దొరుకుతోంది. నాకు కావలసింది అంతకుముందుది. ఆమె వ్యవసాయ శాఖ చూస్తున్న 1975లోనే, కూలీల నడుములు విరిచిన పొట్టి పిడి పారపై నిషేధం వచ్చింది. రోజంతా వంగి కలుపు తీసిన మా అమ్మ గుర్తొచ్చి అక్కడే ఆగిపోయాను. ఆ కూలీల జ్ఞాపకాలు, అప్పటి బర్డ్ ప్రసంగాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పగలరా?