ఐర్లండ్ సరిహద్దు, బ్యాక్‌స్టాప్: థెరిసా మే ఒప్పందం ఎందుకు ఓడిపోయిందో వివరించగలరా?

నమస్కారం. డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం బోధిస్తుంటాను. బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగడం) పాఠంలో ఒకచోట నాకే స్పష్టత లేక మీ సహాయం కోరుతున్నాను.

2016 జూన్ 23 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో 51.9 శాతం మంది ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలని ఓటు వేయడం, 2017 మార్చి 29న వైదొలగే విధానాన్ని చెప్పే సమాఖ్య ఒప్పందంలోని 50వ అధికరణ కింద బ్రిటన్ నోటీసు ఇవ్వడంతో రెండేళ్ళ గడువు మొదలవడం వరకు పిల్లలకు సులభంగానే అర్థమవుతుంది. చిక్కంతా ఐర్లండ్ సరిహద్దు దగ్గరే. బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్ నుంచి సమాఖ్యలోనే కొనసాగే ఐర్లండ్ రిపబ్లిక్‌లోకి వెళ్ళే రోడ్డు మీద వేగ పరిమితి బోర్డుల్లో మైళ్ళు కిలోమీటర్లుగా మారడమే దేశం మారిందనడానికి గుర్తు. ఉత్తర ఐర్లండ్‌లో దశాబ్దాల హింసకు తెరదించిన 1998 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందం తెచ్చిన ఆ ప్రశాంతతను, సరిహద్దు తనిఖీలు మళ్ళీ రాకుండా కాపాడేందుకు, మరో ఏర్పాటు కుదిరేదాకా బ్రిటన్ మొత్తాన్నీ సమాఖ్యతో ఒకే కస్టమ్స్ ప్రాంతంలో ఉంచే బ్యాక్‌స్టాప్ అనే ఏర్పాటుకు అప్పటి బ్రిటన్ ప్రధాని థెరిసా మే ఒప్పుకోగా, 2019 జనవరి 15న బ్రిటన్ పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్ సభ ఆ ఒప్పందాన్ని 432–202 ఓట్లతో తిరస్కరించింది. అదే సభ ఏప్రిల్ 1న సమాఖ్యతో కస్టమ్స్ యూనియన్ (ఉమ్మడి సుంకాల వ్యవస్థ) ఉండాలన్న ప్రతిపాదనను కేవలం మూడు ఓట్ల తేడాతో, 276–273తో కాదనడం తలచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

బ్యాక్‌స్టాప్ నుంచి బ్రిటన్ తనంతట తాను బయటపడే వీలు లేకపోవడమే అసలు అభ్యంతరమా, లేక ఉత్తర ఐర్లండ్‌కు వేరే నిబంధనలు వర్తించడమా? రెండోదే అయితే, ఆ వ్యత్యాసాన్ని మరింత పెంచిన, మే తర్వాత ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ 2019 అక్టోబరు ఒప్పందాన్ని, మే ఒప్పందాన్ని వ్యతిరేకించిన అదే కన్సర్వేటివ్ పార్టీ సభ్యులు ఎలా సమర్థించగలిగారు? తెలిసినవారు, ముఖ్యంగా బ్రిటన్‌లో ఉండి ఆ రోజులను దగ్గరగా గమనించినవారు, దయచేసి వివరించండి.