‘అక్రమ వలసదారు’ అనే రాయాలా?

ఒక అమెరికా వార్తను తెలుగు చేస్తున్నాను. అందులో వలసదారుల్ని ‘అన్‌డాక్యుమెంటెడ్’ (పత్రాలు లేని) అన్నారు. మన పత్రికల్లో ఎక్కువగా ‘అక్రమ వలసదారులు’ అనే చూస్తున్నాను. అదే రాసేయనా?

– వద్దండీ. ‘అక్రమ’ అని మనం పనినో వస్తువునో అంటాం. అక్రమ కట్టడం, ఇసుక అక్రమ రవాణా. మనిషికి తగిలిస్తే ఆ మనిషే తప్పయిపోతాడు. ‘అక్రమ సంతానం’ అన్న మాట చూడండి, ముద్ర పడేది పసిబిడ్డ మీద.

పైగా అది చట్టం చెప్పేదీ కాదు. దొంగచాటుగా సరిహద్దు దాటడం అమెరికాలో నేరమే. వీసా గడువు దాటాక ఉండిపోవడం మాత్రం సివిల్ ఉల్లంఘన. దేశం నుంచి పంపించదగిన విదేశీయుడు అక్కడే ఉండిపోవడం సాధారణంగా నేరం కాదని 2012లో అరిజోనా కేసులో అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది. ‘అక్రమ’ అనగానే అందరినీ ఒకే గాటన కట్టేస్తాం. అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2013లోనే మనుషుల్ని ‘ఇల్లీగల్’ అనడం మానేసింది. మాట ఎంత పని చేస్తుందో చూడండి. 2025 జనవరి 20న వలసల మీద ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు పేరులోనే ‘దండయాత్ర’ అని ఉంది. ఫిబ్రవరి 5న అమెరికా వెనక్కి పంపేసిన 104 మంది మనవాళ్లు సంకెళ్లతో సైనిక విమానంలో ప్రయాణించి అమృత్‌సర్‌లో దిగారు. వలసను దండయాత్ర అన్నాక, వచ్చినవాళ్లను యుద్ధఖైదీల్లా చూడటం ఎంత తేలికో నాకప్పుడు అర్థమైంది.

– చట్టం తప్పారు కదండీ! ‘పత్రాలు లేని’ అంటే ఏదో పర్సు ఇంట్లో మర్చిపోయినట్టుంది.

– టికెట్ లేని ప్రయాణికుడు, పట్టా లేని రైతు అంటున్నాం కదండీ. అందులో దాచిందేమీ లేదు, లేనిదేదో అదే చెబుతున్నాం. 2019లో మిషిగన్‌లో అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే నడిపిన బూటకపు ఫార్మింగ్టన్ యూనివర్సిటీలో చేరి 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. చాలామంది తెలుగు పిల్లలే. ఆ వారం మా పెద్దమ్మ ఫోన్ చేసి, తెలిసినవాళ్ల అబ్బాయి గురించి, ‘పిల్లాడికి వీసా స్టేటస్ పోయిందటరా, ఇప్పుడెలా?’ అని ఒకటే టెన్షన్. ఆవిడ నోట ‘అక్రమ’ రాలేదు. ఆ మర్యాద హోటల్లో గిన్నెలు తోముకునే మెక్సికో మనిషికి ఎందుకు దక్కకూడదు?

– మరి పత్రాలా, కాగితాలా?

– ‘కాగితాలు లేని వలసదారులు’ అనండి. పొలానికి కాగితాలున్నాయా అని అడుగుతాం కదా, అందరికీ తెలుస్తుంది. కోర్టు విషయం వచ్చినచోట ‘అనుమతి లేకుండా ఉంటున్నవారు’ అని రాస్తే సరిపోతుంది.