పోయిన ఏడాది చదివినవాటిలో మీకు బాగా నచ్చిన పుస్తకాలేవి?

పుటలప్రియ: కొత్తవైనా పాతవైనా సరే, మీ మనసుకు పట్టినవి చెప్పండి. ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క కూడా రాయండి. నా వరకు 'కాలాతీత వ్యక్తులు'. డాక్టర్ పి. శ్రీదేవి 1950లలో రాసిన నవల అంటే నమ్మబుద్ధి కాలేదు. ఇందిర లాంటి పాత్ర ఆ తర్వాత మళ్లీ నాకెక్కడా కనపడలేదు.

రాత్రిబండి: ఇందిరా? అవసరం తీరాక మనుషుల్ని వదిలేసే రకం. ప్రకాశాన్ని ఎలా ఆడించిందో చూశారుగా. ఆ నవల్లో నిలబడేది కళ్యాణి ఒక్కతే.

వెన్నెల77: ఆడించిందా! సొంతంగా ఒక్క నిర్ణయం తీసుకోలేనివాణ్ణి వేరే ఎవరో ఆడించాలా? ఉద్యోగం చేసి ఇల్లు నడిపింది ఎవరు? తండ్రి ఆనందరావు బాధ్యత మోసింది ఎవరు? అవన్నీ వదిలేసి 'వదిలేసే రకం' అనేస్తే ఎలాగండీ?

తీరికలేదు: నేను తిలక్ 'అమృతం కురిసిన రాత్రి' చదివాను. రోజూ పడుకునే ముందు ఒక్క కవిత. చాలాకాలంగా చదవడమే మానేసిన నన్ను మళ్లీ పుస్తకం పట్టించింది అదే. 1968లో ఆ సంపుటి వచ్చేనాటికి ఆయన లేరు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

రాత్రిబండి: @వెన్నెల77 ఇల్లు నడిపితే ఏం చేసినా చెల్లుతుందా? కష్టాల్లో ఉన్నా కళ్యాణి ఎవరినీ వాడుకోలేదు.

పాతబీరువా: ఏడాదంతా 'వేయిపడగలు' తోనే సరిపోయింది. పడుకుని చదువుతుంటే గుండెల మీద బండరాయి పెట్టినట్టే, అయినా వదల్లేదు. సుబ్బన్నపేట కళ్ల ముందే శిథిలమైపోతుంటే ధర్మారావుతో పాటు నేనూ కుంగిపోయాను. జ్ఞానపీఠం ఊరికే ఇచ్చారా మరి.

విమర్శకుడు: ఏళ్ల తరబడి నవల పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. విశ్వనాథకు 1970 జ్ఞానపీఠం వచ్చింది 'రామాయణ కల్పవృక్షం'కి, 'వేయిపడగలు'కి కాదు. ఈ తప్పు ఎన్నిసార్లు దిద్దాలో!

పాతబీరువా: నేను నవల గురించి రాస్తే మీరు పురస్కారం పట్టుకున్నారు. సుబ్బన్నపేట గురించి మీకు చెప్పడానికి ఏమీ లేదా?

వెన్నెల77: @విమర్శకుడు పాఠం చెప్పినవారు కదా, ఇందిర సంగతి తేల్చండి.

విమర్శకుడు: ఇందిరను మంచిదనో చెడ్డదనో కొలిస్తే నవల చేజారిపోతుంది. తనకేం కావాలో తెలిసిన మనిషి, దాన్ని దాచుకోదు. చివరికి కృష్ణమూర్తిని చేసుకున్నప్పుడు కూడా ఎవరిముందూ తల దించుకోదు. 1963లో దీన్నే 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాగా తీశారు, నవల పదును అందులో దొరకదు.

రాత్రిబండి: ఆ సినిమా జోలికి రాకండి, పాటలు ఎంత బాగుంటాయి!

వినేచెవి: ఆడియోలో విన్నవి కూడా చెప్పొచ్చా? పని చేసుకుంటూ 'కన్యాశుల్కం' మొత్తం విన్నాను. గిరీశం మాటలు చెవిన పడితేనే రుచి.

విమర్శకుడు: విన్నది 1897 కూర్పా, 1909దా? రెండింటికీ చాలా తేడా ఉంది.

పుటలప్రియ: విన్నవీ లెక్కే, నిరభ్యంతరంగా రాయండి. కానీ అందరూ పాతవే చెబుతున్నారు. ఈ మధ్య వచ్చిన కథల పుస్తకం ఒక్కటీ ఎవరూ చదవలేదా?

వెన్నెల77: చదివాను, రేపు రాస్తా. ముందు @రాత్రిబండి ఒక్కటి చెప్పాలి. ఇందిర చేసిన పనే ప్రకాశం చేస్తే వాణ్ణి కూడా ఇలాగే తిట్టేవారా?