850కి టర్బో కిట్ వేయించాలా, కంపెనీ టర్బోనే కొనాలా?

సాల్ట్‌లేక్_సీనయ్య: అన్నలూ చిన్న డౌటు. సెకండ్ హ్యాండ్‌లో స్కీడూ సమ్మిట్ 850 స్నోమొబైల్ (మంచు మీద నడిపే బండి) తీసుకున్నా, ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ నెట్టే టర్బో లేదు, కింద తిరిగే రబ్బరు ట్రాక్ 165 అంగుళాలు. ట్రైలర్ దించే చోట బానే లాగుద్ది గానీ యూటాలో యూయింటాస్ కొండల్లో 10 వేల అడుగులకి ఎక్కేసరికి మూలుగుతోంది. బయట టర్బో కిట్ వేయిద్దామా, లేక కంపెనీ టర్బో ఉన్న బండే కొనాలా?

గోదారోడు_డెన్వర్: మూలగదా మరి, ఎత్తు పెరిగే కొద్దీ వెయ్యి అడుగులకి ఇంచుమించు 3 శాతం పవర్ పోద్ది, నీ 165 హార్స్‌పవర్ అక్కడ 115, 120కి దిగిపోయుంటది. 2020 మోడల్‌లో కంపెనీ టర్బో వచ్చినప్పుడు చెప్పిందీ అదే, 8 వేల అడుగుల దాకా 165 తగ్గదు అని, అంతేగానీ కింద ఎక్కువిస్తదని కాదు. కొందరు పార్కింగ్‌లో థ్రాటిల్ నొక్కి తేడా ఏముంది అంటారు, నవ్వొస్తది. తర్వాత 2023 టర్బో ఆర్‌లో 180 చేశారులే.

పౌడర్_పిచ్చోడు: కిట్ తప్పేం కాదు తమ్ముడూ, కానీ జనం బూస్ట్ (టర్బో నెట్టే అదనపు గాలి ప్రెషర్) గురించే మాట్లాడి క్లచ్ వదిలేస్తారు. పవర్ పెరిగాక క్లచ్‌లో పాత వెయిట్లే ఉంచితే ఇంజిన్ ఓవర్ రెవ్ అవుద్ది (హద్దు దాటి తిరుగుద్ది), రెండు క్లచ్‌ల మధ్య తిరిగే బెల్ట్ కాలుద్ది. ప్రైమరీలో (ఇంజిన్ వైపు క్లచ్‌లో) వెయిట్ పెంచాలి, క్లచ్ స్ప్రింగూ, రెండో క్లచ్‌లో ఉండే హెలిక్సూ చూసుకోవాలి, ఫుల్ థ్రాటిల్‌లో 8000 ఆర్‌పీఎం దగ్గర్లో నిలబడాలి. మా వాడొకడు షాపులో కిట్ వేయించాడు, ట్యూన్ అయిపోయిందన్నారంట, క్లచ్ మూత కూడా విప్పలేదు వాళ్ళు. కొండ మీద వరసగా బెల్టులు తెంపుకుని దిగాడు పాపం.

సాల్ట్‌లేక్_సీనయ్య: వామ్మో. పెట్రోలు సంగతేంటి? ఇక్కడ బంకుల్లో రెగ్యులర్ అంటే 85 ఆక్టేనే (పెట్రోలు గ్రేడ్ నంబరు) కదా

గోదారోడు_డెన్వర్: దాని జోలికెళ్ళకు. ఎత్తులో గాలి పల్చన కాబట్టి సిలిండర్‌లో ప్రెషర్ తక్కువ, పాత కార్బొరేటర్ బళ్ళకి 85 సరిపోయేది, అందుకే ఇక్కడ అమ్ముతున్నారు. టర్బో పెట్టావంటే ఆ ప్రెషర్ మళ్ళీ సముద్రమట్టం లెక్కకి తెచ్చేసినట్టేగా, ఇక 85 పోస్తే డిటొనేషన్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్ కరుగుద్ది. తక్కువ బూస్ట్‌కి 91, ఎక్కువ పెంచితే రేస్ ఫ్యూయల్ కలపాల్సిందే.

కాల్గరీ_కుర్రోడు: మాకు లెక్క వేరు బ్రో. మేం బండ్లు నడిపే కెనడాలోని రెవెల్‌స్టోక్ ఊరే 480 మీటర్ల ఎత్తులో ఉంటది, పోయిన పవర్ తిరిగి తెచ్చుకోడానికి కాదు అదనంగా కావాలనే ఇక్కడ బూస్ట్ పెంచుతారు, అందుకని రిస్కూ ఎక్కువే. నీకు 10 వేల అడుగుల గోల కాబట్టి తక్కువ బూస్ట్ చాలు. కిట్, క్లచ్ సామాను, ఫ్యూయల్ కంట్రోలర్, బెల్ట్ టెంపరేచర్ గేజ్ అన్నీ కలిపి రేటు వేసి చూడు, పాత కంపెనీ టర్బో బండికి అంత దూరమేం ఉండదు.

పౌడర్_పిచ్చోడు: కిట్టే అనుకుంటే మాత్రం వేసే ముందు ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్‌లో ప్రెషర్ సరిగా నిలుస్తుందా అని) చెక్ చేయించు, ఇంజిన్ ఎన్ని మైళ్ళు తిరిగిందో ఇక్కడ పెట్టు