నాన్నగారి పద్దు పుస్తకాలు: సంవత్సరీకానికి చిన్న పుస్తకంగా ఎలా తేవాలి?

గట్టుమీద_వేప:
నాన్నగారి సంవత్సరీకానికి ఇంకా 3 నెలలుంది. ఆయన సేద్యం లెక్కలు రాసుకున్న పుస్తకాలు 11, ఆయన ఫోన్‌లో కొన్ని వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి. ఆయన నేర్పిన సంగతులు మనవలకు అందేలా 48 పేజీల పుస్తకం వేయించాలని ఉంది. "నిజాయితీ, కష్టపడే తత్వం" అని రాస్తే ఎవరి నాన్నగారికైనా సరిపోతుంది. చదివినవాళ్లకు ఆయనే కనబడాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాతకాగితం:
ముందు ఫోన్ సంగతి చూడండి, పుస్తకాలు ఎక్కడికీ పోవు. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకుండా వదిలేస్తే ఆగిపోవచ్చు, తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. వాట్సాప్ ఖాతా 120 రోజులు కదలిక లేకపోతే తొలగిపోతుంది. గూగుల్ ఖాతాకు గడువు 2 ఏళ్లు. అందుకని నంబరు ఇంకా పనిచేస్తుంటే సిమ్‌లో చిన్న రీఛార్జి వేసి ఉంచండి. ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, వాట్సాప్ వాయిస్ నోట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. ఫైళ్లు ఓపస్ అనే ఆడియో రకంలో ఉంటాయి. వాటిని అలాగే ఉంచి, వినడానికి ఎంపీ3 కాపీలు వేరే చేసుకోండి. లాక్ నంబరు తెలియకపోతే ఊహించి పదేపదే కొట్టకండి. కొన్ని ఫోన్లలో మొత్తం చెరిగిపోయే అమరిక ఉంటుంది.

పద్దు పుస్తకాలను 300 డీపీఐలో (అంగుళానికి ఎన్ని చుక్కలన్న స్కాన్ కొలత), ఫొటోలను 600లో స్కాన్ చేయండి. ఫోన్ యాప్‌తో తీస్తే "నలుపు-తెలుపు" ఫిల్టరు వద్దు, పెన్సిల్ రాత మాయమైపోతుంది. చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ అసలే వద్దు. పటం అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను లాగితే ముఖమే ఊడివస్తుంది. అద్దంతోనే, ఫ్లాష్ లేకుండా, కాస్త పక్కవెలుతురులో ఫొటో తీయించండి.

పల్లెపద్దు:
మీరడిగిన అసలు సంగతి ఆ పద్దుల్లోనే ఉందండీ. ఏం రాశారన్నదే కాదు, ఏ వరసలో రాశారో చూడండి. ఉదాహరణకు, ఏటా ధాన్యం రాగానే ముందు విత్తనం, తర్వాత తిండిగింజలు, ఆ తర్వాత కూలీల బాకీ, చివర అమ్మకం అని ఉంటే, ఆయన ఇంటిని నడిపిన తీరు అదే. ఆ పేజీని ఆయన దస్తూరీతోనే అచ్చు వేసి, కింద రెండు వాక్యాలు రాస్తే చాలు. 5 ఏళ్ల పద్దులు పక్కపక్కన పెట్టి చూడండి. పంట పోయిన ఏడు ఏ ఖర్చు తగ్గించారు, దేన్ని తగ్గించలేదు? పిల్లల ఫీజు తగ్గలేదంటే దానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. కొట్టివేతలు, నష్టం లెక్కలు తీసేయకండి, వాటిలోనే మనిషి ఉంటాడు.

మనవలకు కొలతలు తెలియవు కాబట్టి చివర ఒక పేజీ వాటికి ఇవ్వండి: ఎకరం అంటే 100 సెంట్లు, 40 గుంటలు. కోస్తాలో ధాన్యం బస్తా అంటే మామూలుగా 75 కిలోలు. కార్తెల పేర్లుంటే పక్కన తేదీలు వేయండి. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తాయి.

ఒక జాగ్రత్త. చేబదుళ్ల పేజీల్లో ఊళ్లోవాళ్ల పేర్లుంటాయి. ఆ పేర్లు కప్పకుండా అచ్చు వేయకండి. ఇచ్చి మరిచిపోయిన బాకీని చచ్చాక బయటపెడితే ఆయన పెద్దరికానికే మచ్చ.

అచ్చుపని:
48 పేజీలంటే మధ్యలో పిన్ను సరిపోతుంది. పేజీలు 4తో భాగించబడాలి, లేకపోతే చివర ఖాళీలు మిగులుతాయి. లోపల 80 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్‌లితో రకం కాగితం వేయించండి. 60 అయితే ఫొటోలు వెనక పేజీకి కనబడతాయి. అట్టకు 300 జీఎస్‌ఎమ్ ఆర్ట్ కార్డు. 100 కాపీలకు డిజిటల్ ప్రింటే మేలు.

ఎక్కువ తప్పులు ఫాంటు దగ్గరే వస్తాయి. మీరు ఫోన్‌లో టైపు చేసేది యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి. చాలా డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడతారు. మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి. ఇన్‌డిజైన్ అనే పేజీల సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్లయితే అందులో వరల్డ్ రెడీ కంపోజర్ (తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చే అమరిక) పెట్టమనండి, మండలి ఫాంటు వాడవచ్చు. ఎలా చేసినా కాగితం మీద ప్రూఫు తీయించి, ఇద్దరి చేత చదివించండి.

గొంతు వినిపించడానికి క్యూఆర్ కోడ్ వేస్తే 2.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. గడువు తీరే ఉచిత సేవలు వద్దు, ఫైలు మీ సొంత ఖాతాలోనే ఉండాలి.

గట్టుమీద_వేప:
ఫోన్ పని ఈ రాత్రే చేస్తానండీ. తోబుట్టువులు నలుగురమూ రాయాలనుకుంటున్నాం. పేజీలు ఎలా పంచుకోవాలి? ప్రెస్సుకు ఎప్పుడివ్వాలి?

పల్లెపద్దు:
తలా ఒక పేజీ, అంతకు మించితే ఎవరికివారి కథ అయిపోతుంది. "నాన్నగారు దేవుడు" అని రాయించకండి. "ఏ పని దగ్గర ఆయన అస్సలు రాజీ పడేవారు కాదు? ఆ మాట ఎలా అనేవారు?" అని అడగండి. ఆయన యాసను గ్రాంథికం చేయకండి. అమ్మగారి చేత రాయించవద్దు, పక్కన కూర్చుని పద్దు పుస్తకం తిరగేస్తూ రికార్డు చేయండి. 20 నిమిషాలు దాటితే ఆపేయండి.

సంవత్సరీకం తిథి ప్రకారం చేస్తే ఇంగ్లీషు తేదీకి దాదాపు 11 రోజులు ముందే వస్తుంది, మధ్యలో అధికమాసం పడితే 19 రోజులు ఆలస్యంగా వస్తుంది. పురోహితుణ్ణి అడిగి, అంతకు 20 రోజుల ముందు ప్రెస్సుకివ్వండి. పుట్టిన తేదీ అచ్చుకు వెళ్లేముందు అమ్మగారిని అడగండి. బడిలో వేయించిన తేదీ ఒకటి, ఇంట్లో చెప్పుకునేది మరొకటి ఉండటం ఆ తరంలో మామూలే.