ఇంట్లో రోగిని లేపుతూ పడి నడుము విరిగిన హోం నర్సుకు నష్టపరిహారం ఎవరు ఇవ్వాలి?

ప్రశ్న – నర్సంపేట నివాసి

అందరికీ నమస్కారం. మా చిన్నమ్మ విషయంలో సలహా కోరుతున్నాను. ఆమెకు 45 ఏళ్ళు. చిన్నాయన పోయిన తరువాత ఆమె హనుమకొండలోని ఒక హోం నర్సింగ్ ఏజెన్సీలో చేరి, మంచాన పడ్డ వృద్ధుల ఇళ్ళలో రాత్రింబగళ్ళు ఉండి సేవ చేసే పని చేస్తూ వచ్చింది. రోగి కుటుంబం నెలకు 20,000 రూపాయలు ఏజెన్సీకి చెల్లిస్తే, ఏజెన్సీ అందులోంచి 14,000 రూపాయలు ఆమె బ్యాంకు ఖాతాలో వేసేది.

2025 జూలైలో సుబేదారిలో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనకు స్నానం చేయించి లేపుతుండగా, ఆయన బరువంతా ఒక్కసారిగా ఆమె మీద పడింది. ఆయనకు దెబ్బ తగలకుండా పట్టుకోబోయి ఆమె తడి నేల మీద వెనక్కి పడిపోయింది. నడుము దగ్గర ఒక వెన్నుపూస నలిగింది, ఎడమ మణికట్టు విరిగింది. మొదటి ఆసుపత్రి ఖర్చు ఆ ఇంటివాళ్ళే పెట్టుకున్నారు, వాళ్ళను తప్పు పట్టను. ఏజెన్సీ మాత్రం మరునాడే ఇంకొకరిని అక్కడికి పంపి, ఆ రోజు నుంచే చిన్నమ్మ జీతం ఆపేసింది. ఇప్పటికీ ఆమె బిందెడు నీళ్ళు ఎత్తలేదు, ఎక్కువసేపు కూర్చోలేదు.

గట్టిగా అడిగితే, తాము పని చూపించే మధ్యవర్తులమే తప్ప యజమానులం కామనీ, జాలితో 10,000 రూపాయలు ఇస్తామనీ, ఇకపై ఏమీ అడగనని స్టాంపు కాగితం మీద సంతకం చేయాలనీ అంటున్నారు. ఫ్యాక్టరీలో చెయ్యి తెగినవాళ్ళకు పరిహారం వస్తుందని విన్నాను. ఒకరి ఇంట్లో పని చేస్తూ గాయపడినవాళ్ళకు అలాంటి హక్కు ఉందా? ఉంటే ఎవరి మీద?

జవాబు – కార్మిక కేసులు చూసే న్యాయవాది, హనుమకొండ

ఆ కాగితం మీద మీ చిన్నమ్మ గారిని దయచేసి సంతకం చేయనివ్వకండి. ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, పరిహారపు హక్కును వదులుకుంటున్నట్లు కార్మికుడు రాసిచ్చే ఏ ఒప్పందమూ చెల్లదు. 8వ సెక్షన్ ఇంకొక అడుగు ముందుకు వేసింది: మహిళకు ఏకమొత్తంగా ఇచ్చే పరిహారాన్ని యజమాని కార్మిక శాఖలోని నష్టపరిహార కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలే గాని, నేరుగా చేతికిస్తే అది పరిహారం చెల్లించినట్లు లెక్కలోకి రాదు. అయినా సంతకం పెట్టవద్దని ఎందుకంటున్నానంటే, అటువంటి కాగితాల్లో ‘నేను ఉద్యోగిని కాను, ఇంట్లో సొంత అజాగ్రత్త వల్ల పడ్డాను’ అనే వాక్యాలు కూడా చేర్చుతారు. రేపు విచారణలో వాటిని ఆమె నోటి మాటలుగా చూపిస్తారు.

ఇక అసలు విషయానికి వస్తే, ముందుగా చూడవలసింది ఈఎస్‌ఐ, అంటే చందాలతో నడిచే ఉద్యోగుల ప్రభుత్వ బీమా. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పని చేసే సంస్థకు, నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారి విషయంలో, ఈఎస్‌ఐ చట్టం వర్తిస్తుంది. ఏజెన్సీ ఆఫీసులో ఇద్దరే కూర్చుని ఉండవచ్చు. కాని ఇళ్ళకు పంపిన ఆయాలను, నర్సులను కూడా కలిపి లెక్కపెట్టాలని వాదించడానికి గట్టి ఆధారం ఉంది. ఏజెన్సీ ఆమె పేరున చందా కట్టకపోయినా హక్కు పోదు. చందా కట్టవలసిన యజమాని ఎగవేసినప్పుడు, ఆ బీమాను నడిపే ఈఎస్‌ఐ కార్పొరేషనే ప్రయోజనాన్ని కార్మికుడికి చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి వసూలు చేసుకునే ఏర్పాటు 68వ సెక్షన్లో ఉంది. పనిలో జరిగిన గాయానికి ఇన్ని నెలల చందా కట్టి ఉండాలనే షరతు కూడా లేదు. తాత్కాలికంగా పని చేయలేని కాలానికి సుమారు 90 శాతం జీతం, వైద్యం, శాశ్వత లోపం మిగిలితే మెడికల్ బోర్డు నిర్ణయించిన మేరకు జీవితాంతం నెలనెలా చెల్లింపు అక్కడ లభిస్తాయి. కాబట్టి ప్రమాద వివరాలతో, ఏజెన్సీ ప్రమాద నివేదిక పంపలేదన్న ఫిర్యాదుతో, ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు వెంటనే రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి.

ఈఎస్‌ఐ వర్తించకపోతేనే 1923 చట్టం. రెండింటి కింద ఒకే గాయానికి పరిహారం తీసుకోవడానికి వీల్లేదు. ఈ రెండవ దారిలో ఉన్న చిక్కులను దాచకుండా చెప్పడం నా బాధ్యత. ఈ చట్టం కింద ఎవరెవరు ఉద్యోగులో చెప్పే రెండవ షెడ్యూలు జాబితాలో ఇంటిపని పేరు లేదు. అందువల్ల ఇంటి యజమాని ఒక్కరి మీద వేసే దరఖాస్తు నిలబడటం కష్టం. పైగా, ఒకరి ఉద్యోగిని మరొకరికి తాత్కాలికంగా అద్దెకిచ్చినప్పుడు, పని చేయించుకునే వ్యక్తినే యజమానిగా భావించాలని చట్టంలోని నిర్వచనం చెబుతుంది. ఏజెన్సీవాళ్ళు ఈ వాక్యాన్నే పట్టుకుంటారు. దానికి మన సమాధానం వాస్తవాల్లోంచే రావాలి. కేవలం పని చూపించే మధ్యవర్తి ఒకసారి కమిషన్ తీసుకుని పక్కకు తప్పుకుంటాడు. ఇక్కడ జీతం ఎంతో నిర్ణయించింది ఏజెన్సీ, ప్రతి నెలా తన ఖాతా నుంచి చెల్లించింది ఏజెన్సీ, ఏ ఇంటికి వెళ్ళాలో చెప్పింది ఏజెన్సీ. ఆమె పడిపోగానే ఇంకొకరిని పంపడం కూడా, ఆ పనిని నడిపించింది తామేనని వాళ్ళు ఒప్పుకున్నట్లే అని నేను భావిస్తాను. దరఖాస్తులో మాత్రం ఏజెన్సీని, ఇంటి యజమానిని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. లేకపోతే ఒకరు ఇంకొకరి మీదికి నెట్టి తప్పించుకుంటారు.

పరిహారం ఎంత ఉంటుందో తెలిస్తే ఆ 10,000 విలువ ఏమిటో అర్థమవుతుంది. శాశ్వతంగా, పూర్తిగా సంపాదన శక్తి పోతే నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చిస్తారు. ఇందుకు లెక్కలోకి తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000. 45 ఏళ్ళకు గుణకం 169.44. అంటే 8,400ను 169.44తో హెచ్చిస్తే 14,23,296 రూపాయలు. వైద్యుడు సంపాదన శక్తి 40 శాతం తగ్గిందని ధ్రువీకరిస్తే అందులో 40 శాతం, అంటే సుమారు 5,69,300 రూపాయలు వస్తుంది. కోలుకునే వరకు ఉన్న తాత్కాలిక అశక్తతకు ప్రతి పదిహేను రోజులకు జీతంలో 25 శాతం, అంటే 3,500 రూపాయలు చెల్లించాలి. చికిత్సకు అయిన అసలు ఖర్చు వేరుగా ఇవ్వాలి. నెల రోజుల్లో చెల్లించకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం వరకు జరిమానా కూడా కమిషనర్ వేయవచ్చు.

జవాబు – ప్రభుత్వ ఆసుపత్రి నర్సింగ్ ఆఫీసర్, వరంగల్

చట్టం సంగతి న్యాయవాది గారు వివరించారు. ఇలాంటి కేసుల్లో చాలా భాగం ఆసుపత్రి కాగితాల దగ్గరే దెబ్బతింటుంది కాబట్టి ఆ విషయం మాత్రం చెబుతాను. చేరిన రోజు కేసు షీటులో ‘బాత్రూంలో జారిపడ్డారు’ అని ఒక ముక్క రాసి వదిలేస్తే, అది ఎవరి బాత్రూమో, ఏ పని చేస్తుండగా పడ్డారో అందులో ఉండదు. తరువాత ఎదుటి పక్షం ఆమె స్వంత పని మీద వెళ్ళి పడిందని వాదిస్తుంది. మొదటి ఆసుపత్రి నుంచి కేసు షీటు నకలు, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ నివేదికలు అడిగి తీసుకోండి. అందులో ప్రమాద వివరం లేకపోతే, పాత కాగితాన్ని దిద్దించే ప్రయత్నం చేయకండి. ఇప్పుడు చూస్తున్న డాక్టరుకు జరిగింది జరిగినట్లు చెప్పి, ఆయన రాసే చీటీలో నమోదు చేయమనండి.

వైకల్య ధ్రువపత్రంలోని శాతం, సంపాదన శక్తి కోల్పోయిన శాతం ఒకటి కావు. వెన్నుపూస గాయానికి వైకల్యం 20 శాతమే అని రాయవచ్చు. కాని రోజంతా మనుషులను ఎత్తి దించడమే పనిగా ఉన్న స్త్రీకి, ఇక బరువు ఎత్తకూడదని డాక్టరు చెప్పిన రోజునే ఆ పని పోయినట్లు. అందుకే ఎముకల డాక్టరు దగ్గర ధ్రువపత్రం తీసుకునేటప్పుడు ఆమె చేసే పని ఎలాంటిదో స్పష్టంగా వివరించి, ఆ పని మళ్ళీ చేయగలదా లేదా అన్న అభిప్రాయం కూడా రాయించుకోండి.

ఒక్క మాట కలుపుతాను. పక్షవాతం వచ్చిన పెద్ద మనిషిని ఒక్కరే లేపకూడదని మాకు శిక్షణలోనే నేర్పుతారు. ఇద్దరు మనుషులో, నడుముకు కట్టే బెల్టో లేకుండా ఆ పని చేయిస్తే ప్రమాదం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. ఇళ్ళకు పంపే ఆడవాళ్ళకు ఆ శిక్షణా ఇవ్వరు, ఆ బెల్టూ ఇవ్వరు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చిన్నమ్మ దగ్గర ఏజెన్సీ ఇచ్చిన ఐడీ కార్డు ఉంది, డ్యూటీ ఎక్కడో చెప్పే వాట్సాప్ సందేశాలు ఫోనులో ఉన్నాయి, బ్యాంకు పాసుబుక్కులో ఏజెన్సీ పేరుతో జీతం పడిన వరుసలు ఉన్నాయి. ఈఎస్‌ఐ పేరుతో ఏమీ కోత పెట్టలేదు. అయితే ఏజెన్సీ రిజిస్టర్డ్ ఆఫీసు హైదరాబాదులో ఉంది, కేసు అక్కడే వేయాలని వాళ్ళు బెదిరిస్తున్నారు. పైగా కొత్త కార్మిక చట్టాలు వచ్చాయి కాబట్టి పాత చట్టం పోయిందని కూడా అంటున్నారు. ఆ ఇంటివాళ్ళను ప్రతివాదులుగా చేర్చడానికి చిన్నమ్మకు మనసు ఒప్పడం లేదు. ఆ పెద్దాయన ఆమెను కూతురిలాగా చూసుకున్నారట.

జవాబు – కాజీపేట నుంచి ఒక పాఠకుడు

మా నాన్నగారిని చూసుకోవడానికి మా ఇంట్లో కూడా ఏజెన్సీ నుంచి ఒక ఆమె ఉంటున్నారు కాబట్టి, ఇంటివాళ్ళ వైపు నుంచి రాస్తున్నాను. మమ్మల్ని ప్రతివాదులుగా చేర్చినంత మాత్రాన మా మీద నేరం మోపినట్లు కాదని, అది అసలు యజమాని తప్పించుకోకుండా చూసే ఏర్పాటు అని ఎవరైనా నెమ్మదిగా వివరిస్తే నేనైతే నొచ్చుకోను. ముందే వెళ్ళి ఆ పెద్దాయన కుటుంబంతో మాట్లాడండి. ఏజెన్సీకి నెలనెలా చెల్లించిన రసీదులు, ఏజెన్సీతో రాసుకున్న ఒప్పందం, ప్రమాదం జరిగినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళ రాతపూర్వక వాంగ్మూలం వాళ్ళ దగ్గరే దొరుకుతాయి. నిజం చెప్పే సాక్షులుగా వాళ్ళు ఆమెకు చేయగలిగిన మేలు, వాళ్ళు కట్టిన ఆసుపత్రి బిల్లు కంటే పెద్దది.

ఇళ్ళలో సేవకులను పెట్టుకునే నా బోటివాళ్ళందరికీ ఒక విన్నపం. ఏజెన్సీతో ఒప్పందం చేసుకునేటప్పుడు ఆమెకు ఈఎస్‌ఐ కార్డు ఉందా, లేదంటే ఉద్యోగుల నష్టపరిహార బీమా పాలసీ ఉందా అని అడగండి. సాధారణ బీమా కంపెనీలు ఇటువంటి పాలసీలు ఇస్తాయి. మనం అడిగితేనే ఏజెన్సీలు ఆ ఖర్చు పెడతాయి.

జవాబు – కార్మిక కేసులు చూసే న్యాయవాది, హనుమకొండ

హైదరాబాదు వెళ్ళనవసరం లేదు. ప్రమాదం జరిగిన చోట గాని, బాధితురాలు నివసించే చోట గాని, యజమాని రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న చోట గాని దరఖాస్తు వేసుకోవచ్చని 21వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. మీకు వరంగల్ పరిధిలోని కార్మిక శాఖ అధికారి, అంటే నష్టపరిహార కమిషనర్‌గా వ్యవహరించే అధికారి చాలు.

2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన మాట నిజమే. ఆ కోడ్‌లో కూడా ఉద్యోగుల నష్టపరిహారానికి ప్రత్యేక అధ్యాయం ఉంది, ఇంటి నుంచి పనికి వెళ్ళే దారిలో జరిగే ప్రమాదాల ప్రస్తావన కూడా అందులో చేర్చారు. అయితే మీ చిన్నమ్మ గారికి గాయం తగిలింది జూలైలో. చట్టం మారినా అప్పటికే ఏర్పడిన హక్కు రద్దు కాదు. పరిహారం ప్రమాదం జరిగిన నాడే బాకీ పడుతుందని 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక వడ్రంగి కేసులో తేల్చింది. ఎడమ చేయి పోయిన ఆ వడ్రంగి ఇక తన పని చేయలేడు కాబట్టి సంపాదన శక్తి పూర్తిగా పోయినట్లే చూడాలని కూడా ఆ తీర్పు చెప్పింది. నర్సింగ్ ఆఫీసర్ గారు ఎత్తి చూపిన అంశానికి అదే మనకు బలమైన ఆధారం.

పాత చట్టం ప్రకారం దరఖాస్తుకు గడువు ప్రమాదం నాటి నుంచి రెండేళ్ళు. కాని అంతవరకు ఆగకండి. ముందుగా ప్రమాదం జరిగిన తేదీ, చోటు, కారణం తెలుపుతూ ఏజెన్సీకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి రసీదు దాచుకోండి. వాట్సాప్ సందేశాలను తెర చిత్రాలుగా తీసి పెట్టుకోవడంతో పాటు ఆ ఫోనును కూడా భద్రపరచండి. ఎవరైనా తొందరపడి సివిల్ కోర్టులో నష్టపరిహార దావా వేయమంటే వేయకండి. ఆ దావా వేస్తే కమిషనర్ దగ్గర పరిహారం అడిగే అవకాశం పోతుంది.

ఆసుపత్రి బిల్లు గురించి: యజమాని వైద్యానికి పెట్టిన ఖర్చును పరిహారంలోంచి మినహాయించడానికి వీల్లేదు. కాబట్టి ‘ఇంటివాళ్ళు అప్పుడే ఇచ్చారు కదా’ అన్న వాదనకు బెదరకండి. న్యాయవాది ఫీజు గురించి దిగులు పడవద్దు. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఈ వారంలోనే ఐడీ కార్డు, పాసుబుక్కు, కేసు షీటు నకళ్ళు పట్టుకుని అక్కడికి వెళ్ళండి. ఈఎస్‌ఐ దరఖాస్తు ముసాయిదా కూడా వాళ్ళ చేతనే రాయించుకోవచ్చు.